రూతక్క ఊపిరి

మొన్న మన్నాఏఖేళ్ళి బస్టాండులో చాయ్ తాగుతుంటే దుకాణం స్పీకరులోంచి రూతక్క పాట వినపడింది. గొంతు మాత్రం ఆమెది కాదు, ఎవరో కొత్తమ్మాయిది. రెండో చరణం ఎత్తుకునే ముందు ఆ అమ్మాయి ఊపిరి తెగినట్టు చిన్నగా ఆగింది. నేను చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. దుకాణం అతను మెచ్చుకోలుగా తలాడించి, “ఆ ఆగుడు చూడక్కా, ఏం స్టైలు” అన్నాడు.

“స్టైలు కాదన్నా, అది జరం” అన్నాను. అతనికేం అర్థమవుతుంది?

రూతక్కదీ నాదీ కన్నడ సీమ అంచున ఉన్న చిట్గుప్ప. చర్చిలో ఆమె ముందు నిలబడి పాడేది, నేను వెనక వరుసలో అందుకునేదాన్ని. నాకు పాట నేర్పింది ఆమే. తాను కట్టిన పాటలు ఫోనులో పెడితే జనం విరగబడి విన్నారు. హైదరాబాదు నుంచి ఒక మ్యూజిక్ కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. రికార్డింగు రోజు ఆమెకు ఒళ్ళు కాలిపోతోంది. రెండో చరణం ముందు దమ్ము చాలక ఆగింది. మళ్ళీ పాడతానంటే బాగానే ఉంది పొమ్మన్నారు. అప్పటినుంచి ఆ పాట పాడే వాళ్ళంతా ఆ చోట ఆమెలాగే ఆగేవారు.

తర్వాత కంపెనీకి ఆమె మాట గిట్టలేదు. సడకు, పరేషాను లాంటి ఉర్దూ మాటలు, మధ్యలో దొర్లే కన్నడం అన్నీ తీసేసి శుభ్రమైన తెలుగులో పాడమన్నారు. శుభ్రమట! మా నోళ్ళకు మురికి ఎప్పుడంటిందో మాకే తెలియదు. రూతక్క గొంతు పెంచకుండానే జవాబిచ్చింది.

“మా అవ్వ గీ మాటల్నే ఏడ్చింది, గీ మాటల్నే నవ్వింది సార్. వేరే మాట యాడికెల్లి తేవాలె?”

వాళ్ళు ఆమెను వదిలేశారు, పాటలను మాత్రం వదల్లేదు. సంతకం పెట్టిన రోజే అవి కంపెనీవైపోయాయట. బసవకళ్యాణ్‌లో ఒక పెళ్ళిలో తన పాట తాను పాడి ఫోనులో పెడితే, సాయంత్రానికల్లా తీసేయించారు. కన్నతల్లి బిడ్డను ఎత్తుకుంటే దొంగ అన్నట్టు. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఆ తర్వాత రూతక్క కొత్త పద్ధతి పట్టింది. పెళ్ళికి ముందు రోజే ఆ ఇంటికి వెళ్ళి, పసుపు దంచే ఆడవాళ్ళ మధ్య కూర్చునేది. పెళ్ళికూతురి ముద్దుపేరు, చిన్నప్పటి అలకలు, మేనత్త ఎత్తిపొడుపులు అడిగి, మర్నాటికి ఆ ఇంటికని ఒక పాట కట్టేది. ఫోన్లు పక్కన పెట్టించి పాడేది. ఆ పాటను మళ్ళీ ఇంకెక్కడా పాడేది కాదు. కంపెనీ మీద కొట్లాడరాదా అని నేను పోరు పెట్టేదాన్ని.

“కొట్లాడితే పాత పాట కాడనే కూసోవాలె” అంది ఒకసారి. “గీ పాట ఇంటోళ్ళకిచ్చిన. ఇంక గుంజుకునేటోడెవడే?”

నాకు ఆ జవాబు అప్పుడూ చాలలేదు, ఇప్పుడూ చాలదు. పోయినేడు రూతక్క పోయింది. సమాధి దగ్గర ఆ మొదటి పాటే పాడాం. రెండో చరణం ముందు అందరం అలవాటుగా ఆగాం.

ఇప్పుడు అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, కంపెనీ ఆమె జ్వరాన్ని కూడా ఇంకొకరికి ఇచ్చేసింది. ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు, ఆమెకు ఎవరు చెప్పారు గనక.

పసుపు దంచే ఇళ్ళకు ఇప్పుడు నేను వెళుతున్నాను. ఏ ఇంటి పాట ఆ ఇంటికే కట్టి, అక్కడే వదిలి వస్తాను. చివర్లో ఆడవాళ్ళు రూతక్క పాట అడిగితే అదీ పాడతాను. రెండో చరణం ముందు మాత్రం, ఎంత దమ్ము చాలకపోయినా, నేను ఆగను. ఆ ఊపిరి ఆమెది.