డంపర్ నిలబడిన రాత్రి

ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసుకునే డైరీలో కూడా ఆ రాత్రి పేజీ ఖాళీగానే ఉంది. కానీ జరిగింది. దీపం ముట్టుకుని చెప్పమన్నా చెబుతాను.

మాది దంతెవాడ దాటాక వచ్చే మైనింగ్ టౌన్‌షిప్. నాన్న కొండ మీద ఇనుప గనిలో డంపర్ నడిపేవాడు, అదే రాళ్లు మోసే పెద్ద లారీ. నాకేమో రోబో బొమ్మల పిచ్చి. మడిస్తే బండి, విప్పితే మనిషిలా నిలబడేవి. ట్యూషన్లు చెప్పగా మిగిలినదానితో కొనేదాన్ని. అట్టపెట్టె లేనివి, తుపాకీ పోయినవి చవగ్గా వస్తాయి. రంగు వెలిసినా పర్వాలేదు, మోకాళ్లు మాత్రం గట్టిగా ఉండాలి. అమ్మ పింగాణీ సామాను పెట్టే అద్దాల బీరువాలో ఒక అర నాది. చెప్పుల డబ్బాలకి నల్ల చార్టు అంటించి మెట్లు చేశాను. చోటు చాలక సగం నిలబెట్టి వెనక, సగం బండ్లుగా మడిచి ముందు.

"పాతికేళ్లొచ్చాయి, ఇంకా ఈ బొమ్మలేటే?" అనేది అమ్మ.

"నేను తోలేదీ బొమ్మేలేవే, కాస్త పెద్దది," అని నాన్న నవ్వేవాడు.

వాటిలో ఒక పసుపు డంపర్. జగదల్‌పూర్‌లో పాత సామాను కొట్లో దొరికింది. దానికి నాదొక నియమం. నాన్న నైట్ షిఫ్టుకు వెళ్తే అది డంపర్‌గానే ఉండాలి. తెల్లారి గుమ్మంలో ఆయన బూట్ల చప్పుడు విన్నాకే నిలబెట్టేదాన్ని. అలా అయితేనే ఆయన క్షేమంగా వస్తాడని... ఎందుకో నమ్మకం.

ఆ రాత్రి తొలకరి వాన. కరెంటు పోయింది. అమ్మ పక్క గదిలో నిద్రపోతోంది. నేను కిటికీలోంచి కొండ వైపు చూస్తున్నాను. రోజూ మిణుకుమనే బండ్ల లైట్లు ఒక్కటీ కనబడలేదు.

అప్పుడు వినిపించింది.

టిక్.

బీరువా వైపు నుంచి. బల్లి అనుకున్నాను.

టిక్... టిక్...

కాదు. ఆ చప్పుడు నాకు తెలుసు. భుజాలు బయటికొచ్చే చప్పుడు. తర్వాత నడుము. డంపర్ నిలబడడానికి ఏడు టిక్కులు. ఏడోది కుడికాలు. అది బిగుసుకుపోయింది, బొటనవేలితో గట్టిగా నొక్కితే గాని పడదు. ఊపిరి బిగబట్టి లెక్కపెట్టాను. నాలుగు... ఐదు... ఆరు...

వాన చప్పుడు ఒక్కటే. చాలాసేపు.

టక్.

ఫోన్ లైటు వేశాను. అద్దం తలుపు మూసే ఉంది. లోపల పసుపు డంపర్... నిలబడి ఉంది.

మా దగ్గర ఎర్ర దుమ్ము మూసిన బీరువాలోకీ వస్తుంది. సాయంత్రం డంపర్ మడిచి పెట్టేటప్పుడు తుడిచిన అర మీద అప్పుడే సన్నటి పొర పడింది. ఆ దుమ్ము మీద ఒక్క వేలి గుర్తు లేదు. బండి ఉన్నచోట మాత్రం నలుచదరంగా, శుభ్రంగా కాస్త జాగా. దాని మధ్యలో రెండు పాదాలు.

బొమ్మని చూసి కాదు నాకు భయం. నాన్న ఇంకా కొండ మీదే ఉన్నాడు. అది అప్పుడే నిలబడకూడదు కదా... మడిచేద్దామని చెయ్యి చాచాను. తలుపు తీయలేకపోయాను. తెల్లారేదాకా అక్కడే కూర్చున్నాను.

ఆరున్నర దాటాక బూట్ల చప్పుడు. నాన్నే. ఒళ్లంతా ఎర్ర బురద. టీ తాగుతూ అమ్మకి చెప్పాడు.

"వాన తగ్గేదాకా కేబిన్‌లో కునుకు తీస్తన్నానే. చంకల్లో చేతులేసి ఎవరో లేపినట్టయింది. దిగి నిలబడ్డాను. అంతే, గట్టు కుంగి బండి పక్కకి ఒరిగిపోయింది."

"ఎవరండీ లేపింది?"

"ఎవరూ లేరే అక్కడ."

ఆ చప్పుడు నిజంగా బీరువాలోంచే వచ్చిందా, లెక్క తప్పానా, ఇప్పటికీ తెలీదు. ఆ సాయంత్రం నాన్నకి మళ్లీ నైట్ షిఫ్టు. మడవాలా వద్దా అని బీరువా ముందు నిలబడి ఉన్నాను. నా నియమం సంగతి నాన్నకి తెలిసే దారే లేదు. ఆయన టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, గుమ్మంలో వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఇటు చూడలేదు. నెమ్మదిగా అన్నాడు...

"అమ్మడూ, ఈ రాత్రి దాన్ని మడవకు."