చూద్దామన్న పెద్దమనిషి

నా చిన్నప్పుడు కాన్‌బెర్రాలో మా పక్కింట్లో ఒక దౌత్యవేత్త ఉండేవాడు. ఆగ్నేయాసియాలో ఏదో చిన్న దేశం ఆయనది. పేరెందుకులెండి, ఆ దేశం ఏం పాపం చేసింది! ఈమధ్యే పోయాడు. ఇక్కడే కాన్‌బెర్రాలో, హారిసన్ పేటలోని మా అమ్మాయి ఇంట్లో కూర్చుని ఫోన్లో ఆయన గురించి రాసిన నివాళి చదివాను. ఎన్నో రాజధానుల్లో పనిచేశాడట, దేశాల మధ్య తగవులు తీర్చాడట, ఎవరి మనసూ నొప్పించని మృదుభాషి అట. మృదుభాషి! ఒళ్ళు మండిపోయింది నాకు.

అప్పట్లో ఆయన ఇంట్లో వంటా పనీ చూసుకోవడానికి వాళ్ళ దేశం నుంచి తెచ్చుకున్న ఒక అక్క ఉండేది. ఊళ్ళో వాళ్ళమ్మకి జబ్బు ముదిరిందని ఆమెకి ఉత్తరం వచ్చింది. పాస్‌పోర్టేమో ఆయన బీరువాలో ఉంది. పంపించమని ఎప్పుడడిగినా నవ్వి, చూద్దాం అనేవాడు. నాలుగు నెలలు చూశాడు మహానుభావుడు. వద్దని మాత్రం ఒక్కసారీ అనలేదు, అదీ ఆయన గొప్ప. అక్క కంచె దగ్గర నిలబడి వచ్చీరాని ఇంగ్లీషులో నాకు చెప్పుకుని ఏడ్చేది. నేను వెళ్ళి మా నాయనమ్మకి చెప్పాను.

నాయనమ్మకి ఇంగ్లీషు రాదు. నాన్నగారిని వెళ్ళి మాట్లాడమంది. ఆయన యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవారే గానీ, పక్కింటి నుంచి విందుకి పిలుపొస్తే చాలు, ముందురోజే బూట్లు తుడుచుకునేవారు. వెళ్ళొచ్చి, "చూద్దామన్నారమ్మా. అంటే ఒప్పుకున్నట్టే. పెద్దవాళ్ళు అలాగే మాట్లాడతారు" అన్నారు. పిల్ల నచ్చకపోయినా ఫలహారాలన్నీ తిని, ఇంటికెళ్ళి ఉత్తరం రాస్తామని లేచిపోయే పెళ్ళివారిని ఎంతమందిని చూసిందో ఆవిడ! అయినా, ఒప్పుకున్నట్టే కదా అని మాత్రం రెండుసార్లు అడిగింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్ళ పెరట్లో బార్బెక్యూ, అంటే నిప్పుల మీద మాంసం కాల్చుకు తినే విందు. రకరకాల దేశాల దౌత్యవేత్తలు గ్లాసులు పట్టుకుని నిలబడ్డారు. నాయనమ్మ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఇత్తడి పళ్ళెంలో కుంకుమ, అరటిపళ్ళు, తన పెట్టెలోని కొత్త చీర పెట్టుకుని నేరుగా అక్క దగ్గరికి నడిచింది. అందరూ చూస్తుండగా బొట్టు పెట్టి చీర చేతికిచ్చింది. ప్రయాణమయ్యే ఆడపిల్లని బొట్టు పెట్టకుండా పంపం కదా మనం! తర్వాత నన్ను ముందుకి తోసి, "నేను చెప్పేది పక్కింటాయనకి ఇంగ్లీషులో చెప్పవే" అంది.

నాన్నగారు కళ్ళతోనే నన్ను నమిలేస్తున్నారు. అయినా చెప్పాను. తల్లిని చూసుకోవడానికి ఈ పిల్లని పంపిస్తున్నందుకు మీ కడుపు చల్లగా ఉండాలంటోంది, ఏ రోజు బయల్దేరుతుందో చెబితే సాగనంపడానికి వస్తానంటోంది అని. కడుపు చల్లగా అన్నదాన్ని ఎలా తిప్పాలో తెలియక, మీ పొట్ట చల్లబడాలనే చెప్పేశాను. అందరూ ఘొల్లున నవ్వారు, ఆయనతో ఎంత మంచి మనసండీ మీది అంటూ చప్పట్లు కొట్టారు. ఆయన నవ్వు మాత్రం ముఖానికి అతుక్కుపోయింది. నలుగురిలో కాదనడం జన్మలో నేర్చుకోలేదాయె! గురువారం అన్నాడు.

గురువారం అక్క వెళ్ళింది. అమ్మ దగ్గర పదకొండు రోజులు ఉండగలిగానని, ఆఖరి ముద్ద తన చేత్తోనే తినిపించానని తర్వాత కార్డు రాసింది. విందులకి పిలుపులు ఆగిపోయాయని నాన్నగారు నెల్లాళ్ళు మా ఇద్దరితో మాట్లాడలేదు. కన్నతండ్రే అయినా ఆ నెల్లాళ్ళూ ఆయన్ని చూస్తే రోత పుట్టింది నాకు. పక్కింటాయన ఇంకా పెద్ద పదవులకి ఎక్కాడు.

నేనూ ఈ ఊళ్ళోనే ముప్ఫై ఏళ్ళు ప్రభుత్వోద్యోగం చేశాను. కానిదాన్ని కాదని ముఖం మీదే చెప్పాను, అయ్యేదానికి తేదీ వేసి ఇచ్చాను. నోటి దురుసు మనిషినని ప్రమోషన్లు ఆపారు. ఆపనీ. నా సంతకం కోసం కళ్ళు కాయలు కాసి ఏ తల్లీ పోలేదు.