కొంగల స్టాంపులు అంటించిన పొట్లం

నీగాతా స్టాంపుల సంఘంలో ఏదైనా విలువైనది పోస్టులో పంపాలంటే పొట్లం తొగాషే కట్టాలి. ఆయన అరుదైన స్టాంపును మైనపు కాగితంలో పెట్టి, రెండు వైపులా అట్టముక్కలు బిగించి, పలుచటి డబ్బా అడుగున దాచేవాడు. పైన నిజంగానే నాలుగు బియ్యపు అప్పడాలు పేర్చి, కాగితం చుట్టి, దొంగల కన్ను పడకుండా ‘అప్పడాలు’ అని రాసేవాడు.

“ఆ దొంగకి ఆకలేస్తేనో?” అని భార్య తొమియె వెక్కిరించేది.

“నాలుగు అప్పడాల కోసం జైలుకెళ్లే దొంగని చూపించు, ఈ స్టాంపుల పిచ్చి ఇవాళే మానేస్తా.”

సంఘం వాళ్ల అలవాటు ఒకటి ఆయనకు ఒళ్లుమంట. తమలో తాము పంపుకునే వాటి మీద స్టాంపులకు బదులు పోస్టాఫీసు యంత్రం ఇచ్చే తెల్ల చీటీ అంటిస్తే అవమానమట. ఏరికోరి పాత అందమైన స్టాంపులే అంటించాలట. దొంగలను బొట్టు పెట్టి పిలవడమంటే ఇదేనని తొగాషి అందరినీ దులిపేసేవాడు. ఆ మోజు ఆయనకూ లేకపోలేదు, పైకి తేలనిచ్చేవాడు కాదంతే.

ఆ వసంతంలో సంఘం ప్రదర్శన కోసం, దూరాన మత్సుయేలో ఉండే పాత మిత్రుడు హమాగుచి తన ప్రాణంలాంటి వస్తువును అరువిచ్చాడు. అది ఆయన ముత్తాత పెళ్లికి ముందు ముత్తవ్వకు రాసిన ఉత్తరం. కవరు మీదున్న మేజీ చక్రవర్తి కాలపు స్టాంపు మరొకరి దగ్గర ఉందని ఎవరూ వినలేదు. ప్రదర్శన ముగియకముందే హమాగుచి మంచం పట్టాడు. ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు.

“ఏమోయ్ తొగాషీ, దాన్నోసారి చూసుకోవాలనుందోయ్. పంపించెయ్.”

“నేనే పట్టుకొస్తానుండు.”

“ఆ మోకాళ్లతోనా? రైలు దిగి నా పక్క మంచమెక్కుతావు. మా అమ్మాయింటికి పంపు. రిజిస్టరు చెయ్యకు, పగలు దానింట్లో సంతకం ముద్రేసి తీసుకునే దిక్కుండదు. అపార్టుమెంటు కింద ఉత్తరాల డబ్బాలో పడేస్తారులే.” కాసేపు దగ్గాడు. “ఇంకోటి. పైన మంచి స్టాంపులు అంటించవయ్యా. ఈ తెల్ల గోడలు చూడలేక చస్తున్నా.”

ఆ మాటకు తొగాషి కరిగిపోయాడు. మైనపు కాగితం, అట్టలు, అప్పడాలు అన్నీ పద్ధతి ప్రకారమే పెట్టాడు. చివరికి, ఎవరికీ చూపించని ఆల్బం తీసి, మంచులో నిలబడ్డ కొంగల స్టాంపులు వరసగా అంటించాడు. అప్పడాలకు ఇంత సోకా అని పోస్టాఫీసులో అమ్మాయి నవ్వింది. ఆయనకూ నవ్వొచ్చింది.

వారం గడిచినా కబురు లేకపోయేసరికి భయమేసి తనే ఫోన్ చేశాడు.

“అందిందా?”

“ఆ, అందిందోయ్,” అన్నాడు హమాగుచి.

“పైన స్టాంపులు చూశావా?”

“చూశా. ఇన్నాళ్లూ ఎక్కడ దాచావయ్యా వాటిని?”

తొగాషి ఆ పూట కడుపునిండా తిన్నాడు.

వానలు మొదలయ్యాక ఒక ఉదయం హమాగుచి కూతురు సవాకో ఫోన్ చేసింది. “బాబాయ్ గారూ, నాన్న పోయారండీ.” ఏడుపు ఆపుకుని మళ్లీ అంది, “ఆ ఉత్తరం ఇంకా మీ దగ్గరే ఉంది కదా? శవపేటిక మూసేదాకా నాన్న చేతి దగ్గర పెడదామని. ఎవరితోనైనా పంపిస్తారా?”

“అందిందన్నాడే మీ నాన్న.”

“లేదండీ, ఏమీ రాలేదు. నాన్న మాత్రం నేను వెళ్లినప్పుడల్లా కింద డబ్బాలో ఏమైనా వచ్చిందా అని అడిగేవారు. ఏమిటని అడిగితే చెప్పేవారు కాదు. నిన్న కూడా అడిగారు.”

తాళాల్లేని డబ్బాల వరస, ఒకదాన్లోంచి బయటికి కనిపించే కొంగలు, చూసినవాడి చేతులూ తొగాషి కళ్ల ముందు మెదిలాయి. హమాగుచికి అంతా అర్థమయ్యే ఉంటుంది. ఒక్క తిట్టు తిట్టి పోయినా బాగుండేది. నేస్తం బాధపడకూడదని అబద్ధమాడి, ఆ ఉత్తరం చూడకుండానే పోయాడు.

ఆయన ముఖం చూసి తొమియె ఫోన్ అందుకోబోయింది. ఆయన ఇవ్వలేదు.

“పంపానమ్మా,” అన్నాడు. “దొంగకు చూపించి మరీ పంపాను.”