కోహెడలో నా జీపు కోసం అందరూ మౌనంగా నిలబడ్డారు

మా నాన్న నాకిచ్చిన పాత జీపులో సిద్దిపేట వెళ్తున్నాను. హుస్నాబాద్ దాటాక ముందు నుంచి గరగరమని చప్పుడు మొదలైంది. ఇంజన్ పాడైతే ఇక తుక్కుకు అమ్మడమేనని మా విజయవాడ మెకానిక్ ఎప్పుడో చెప్పాడు. కోహెడ చేరగానే బండి పక్కకు ఆపాను.

అక్కడ ట్రాక్టర్లు బాగుచేసే మల్లయ్య అనే పెద్దాయన బానెట్ ఎత్తాడు. అప్పటికే పదిమంది మూగారు. మా ఊళ్లో అయితే తలా ఒక సలహా ఇచ్చేవాళ్లు. మల్లయ్య చుట్టూ చూసి, "జర సప్పుడు జెయ్యకున్రి, ఇననియ్యున్రి" అన్నాడు. అంతే, అందరూ నోళ్లు మూసుకున్నారు. పక్కనున్న ఆటోడ్రైవర్ తన బండి ఆపేశాడు. కూరగాయలమ్మే అవ్వ కూడా బేరం ఆపింది.

మల్లయ్య పొడవాటి స్క్రూడ్రైవర్ ఒక కొన నడుస్తున్న ఇంజన్‌కు, రెండో కొన చెవికి ఆనించి విన్నాడు. తర్వాత ఇంజన్ ఆపించి, ఫ్యాన్ బెల్టు తీసేసి, "ఒక్కపారి స్టార్ట్ చెయ్యి బిడ్డా" అన్నాడు.

తాళం తిప్పాను. గరగర లేదు. ఇంజన్ నున్నగా తిరుగుతోంది.

"ఇంజన్ మంచిగున్నది. ఖరాబైంది ఆ బెల్టుతోని తిరిగే వాటర్ పంపు బేరింగే. ఒక్క గంటల మారుస్త" అన్నాడు మల్లయ్య.

అంతసేపూ ఊపిరి బిగబట్టిన జనమంతా ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కూరగాయల అవ్వ నా భుజం తట్టి, "బతికింది పో" అంది.