నొప్పి లేదన్న ఆదివారం

మా ఆయనకి ఫిట్స్ ఉన్నాయి. అమెరికాలో మేముండే ట్రాయ్ ఊళ్ళో, మా తెలుగు చర్చిలో అందరికీ తెలుసు, నేనే చెప్పేశాను. నా నోట్లో నువ్వుగింజ నానదని మా అత్తగారు ఊరికే అనలేదు.

ఆ ఆదివారం చర్చి భోజనాలకి పులావ్ మా వంతు. పొద్దున్నే వండి, పెద్ద డేక్సా మీద మూతపెట్టి ఇటు తిరిగేసరికి వెనక దబ్బుమని చప్పుడు. ఆయన నేలమీద పడి, ఒళ్ళంతా బిగుసుకుపోయి కొట్టుకుంటున్నారు. పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఫోన్‌లో టైం చూస్తూ కూర్చున్నాను. రెండు నిమిషాలే. ఎన్నిసార్లు చూసినా ఆ రెండు నిమిషాలూ నా ప్రాణం నా దగ్గరుండదు.

గంటసేపు పడుకుని లేచారు. నుదుటిమీద ఇంత బొప్పి.

"ఎక్కడైనా నొప్పిగా ఉందా అండీ?"

"అబ్బే, ఏం లేదే. హాయిగా ఉంది."

బొప్పిని వేలితో నొక్కి చూశాను. ఉలకలేదు, పలకలేదు! పైగా ఆ డేక్సా తనే ఎత్తి కార్‌లో పెట్టారు. నేను ఆపలేదు. బుద్ధి ఉండాలిగా నాకు!

మా చర్చిలో ఎవరికైనా మేలు జరిగితే నలుగురిలో నిలబడి సాక్ష్యం చెప్పాలి, దాచుకోకూడదు. ఆ రోజు ఆరాధనలో అందరికంటే ముందు నేనే లేచాను. "పొద్దున ఫిట్స్ వచ్చి నిలువునా పడిపోయారండీ. దేవుడు చిన్న నొప్పి కూడా తెలియనివ్వలేదు" అన్నాను. అందరూ "స్తోత్రం" అన్నారు. నర్సుగా పనిచేసే అక్క ఒక్కతే అనలేదు.

భోజనాల దగ్గర ఆవిడ నా చెయ్యి పట్టుకుంది. "నొప్పి లేదన్నావు చూడు, అదే నాకు భయంగా ఉందమ్మా. ఎమర్జెన్సీకి తీసుకెళ్ళు" అంది. నాకు ఒళ్ళు మండింది. విశ్వాసం లేని మాటలు అనుకున్నాను. సరిగ్గా అప్పుడే, వడ్డించడానికి వంగిన మా ఆయన "అమ్మా!" అని కేకేశారు. గరిటె కిందపడింది. మనిషి మళ్ళీ నిటారుగా లేవలేకపోయారు.

ఆస్పత్రిలో స్కాన్ తీశారు. వెన్నుపూస ఒకటి నలిగింది. ఫిట్స్‌లో కండరాలు బిగుసుకున్న బిగువుకే ఎముక విరగొచ్చట. ఫిట్స్ తగ్గాక కొందరికి మెదడే నల్లమందు లాంటిది విడుదల చేస్తుందట, కొన్ని గంటలు నొప్పి తెలియదట. అంతా చెప్పి, "ఆ తర్వాత బరువులేమైనా ఎత్తారా?" అని అడిగింది డాక్టర్. వాగుడుకాయని, ఆ డేక్సా సంగతి మాత్రం గొణిగినట్టు చెప్పాను.

"కాళ్ళు కదపండి" అందావిడ. దుప్పటి వైపే చూస్తూ నిలబడ్డాను. ఆ కాళ్ళు పోతే పోగొట్టింది నేనే. ఎడమ పాదం కదిలింది. కాసేపటికి కుడిది. అక్కడే కుర్చీలో కూలబడి ఏడ్చేశాను.

ఎముక అతుక్కుంది. నా భయం మాత్రం పోలేదు.

మొన్న మళ్ళీ ఫిట్స్ వచ్చాయి. కళ్ళు తెరిచి "ఏం నొప్పి లేదే" అన్నారు. లేవనివ్వకుండా అంబులెన్స్ పిలిచాను. స్కాన్‌లో ఏమీ లేదన్నారు. నేను నమ్మలేదు. మంచం పక్కనే కూర్చుని ఆయన మొహమే చూస్తున్నాను. మధ్యాహ్నానికి, పళ్ళ మధ్య పడి తెగిన నాలుక మండినట్టుంది, "అబ్బా" అన్నారు.

"స్తోత్రం" అన్నాను, గట్టిగా.

"నా నొప్పికి స్తోత్రమేంటే?" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.