ఊరి గ్రీన్‌నెట్

వడదెబ్బ తగిలి పడిపోయిన మనిషిని ఈ రెండు చేతులతో ఎత్తుకుని, మిట్టమధ్యాహ్నం మూడు చేలు దాటి తారురోడ్డు దాకా మోసుకొచ్చినవాణ్ణి నేను. అప్పటికి నాకు అరవై తొమ్మిదేళ్లు. ఎండల జాగ్రత్తల గురించి మండలంలో పెట్టిన మీటింగులో ఈ సంగతి మైకులో చెబితే చప్పట్లు మోగిపోయాయి. శాలువా కప్పారు. మే నెలలో శాలువా ఏమిటని వాళ్లకూ తోచలేదు, నాకూ తోచలేదు. చెమటలు కారుతున్నా అలాగే కప్పుకుని ఫొటో దిగాను.

ఇప్పుడు ఒక్కొక్కటే తగ్గించుకుంటూ వస్తాను. చేలు మూడు కాదు, ఒకటే. అదీ సగం. మోసింది నేను కాదు, పడిపోయినామె తోటికోడలూ ఇంకో ఇద్దరు ఆడకూలీలూ. నేను వెనకాల నడిచాను. నా చేతిలో ఉన్నది ఆమె చెప్పు. ఒకటే. రెండోది చేలోనే ఉండిపోయింది.

మా ఊరు అద్దంకి వైపు. పత్తి, మిరప తప్ప మరో మాట లేని నల్లరేగడి. ఎండలు మాకు కొత్త కాదు గానీ, కొన్నేళ్లుగా వాటి తీరు మారింది. శివరాత్రి దాటిందో లేదో మొదలవుతున్నాయి. అంతలోనే, కల్లంలో కాయ ఆరబోసి ఉండగా, చెప్పాపెట్టకుండా వాన. మిరప మొక్క నీడ దానికే చాలదు. ట్రాక్టరుకు అడ్డమని గట్ల మీది చెట్లన్నీ మేమే కొట్టేసుకున్నాం. కోతకొచ్చిన ఆడవాళ్లు కూర్చుని నాలుగు మెతుకులు తినడానికి చోటు లేదు. ఒక ఎండాకాలం వరసగా ఇద్దరు కూలీలు సొమ్మసిల్లాక, పంచాయతీ ఆఫీసులో కూర్చుని ఒక ఏర్పాటు చేసుకున్నాం. పొడవాటి గ్రీన్‌నెట్ ఒకటి, నాలుగు వెదురుగడలు, రెండు నీళ్ల డ్రమ్ములు ఊరుమ్మడిగా కొన్నాం. ఎవరి చేలో కోత ఉంటే వాళ్లు తీసుకెళ్లి కూలీలకు పందిరి వేయాలి. పదకొండింటికి కోత ఆపాలి.

ఆ రోజు అందరికంటే గట్టిగా మాట్లాడింది నేనే. పక్కన కూర్చున్న నా ఈడువాడు, "ఒరేయ్, నోరు తెరిస్తే నీ అంత చల్లని మనిషి జిల్లాలో ఉండడురా" అన్నాడు. మెచ్చుకున్నాడనే అనుకున్నాను.

రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో నా వంతు వచ్చింది. రెండు రోజుల్లో వాన అని ఫోనుకు మెసేజ్ వచ్చింది. చేలో కాయ పండి ఎర్రగా వేలాడుతోంది. తడిస్తే రంగు పోయి తాలు కింద జమ. గుంటూరు యార్డులో దాని మొహం ఎవడూ చూడడు. ఆరబోద్దామంటే నా పాత పట్టాలు ఎలుకలు కొట్టేశాయి. ఆటోలోంచి దించిన గ్రీన్‌నెట్ మడత కళ్లెదుట ఉంది. కల్లంలో పరిచి చూశాను. మట్టి అంటదు, కింద నుంచి గాలి ఆడుతుంది, కాయ తొందరగా ఎండుతుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, కోసిన కాయంతా దాని మీద గుమ్మరించాను.

కోతకొచ్చిన వాళ్లలో మా వీధి చివరింటి ఆమె ఒకరు. నలభై దాటిన మనిషి. కాయ కోయడంలో ఊళ్లో ఆమెకు సాటి లేరు. ముఠాకు పెద్ద ఆమె తోటికోడలు. నన్ను అడిగింది ఆ తోటికోడలే.

"బాబాయ్, పందిరేదీ?"

"గడలు ఇంకా రాలేదమ్మాయ్. ఇవాళ్టికి సర్దుకోండి."

"నిన్న అవతలి చేలో ఉన్నయ్యిగా?"

"అదే, వస్తున్నాయి."

గడలు నా మోటారు షెడ్డు వెనక ఉన్నాయి.

పదకొండు దాటింది. ఆపమని నేను అనలేదు, ఆపుతామని వాళ్లూ అనలేదు. ఆమెకు ఒంట్లో బాగాలేదని నాకు తెలియలేదు. పన్నెండున్నర ప్రాంతంలో సాలు మధ్యలో కూలబడింది. వెళ్లి చూస్తే ఒళ్లు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. బడికి టైమైపోతోంది, జడ వేయించుకోవే అంటూ ఎవరినో కేకలేస్తోంది. ఆమె కూతురికి పెళ్లయి అప్పటికి మూడేళ్లు.

తోటికోడలు డ్రమ్ములోంచి నీళ్లు తెచ్చి ఆమె మీద పోసింది. "నీడకు లాగండే!" అని అరిచి చుట్టూ చూసింది. నీడ ఎక్కడుంది? ఆమె చూపు కల్లం మీద ఆగింది. ఎర్రటి కాయల అంచున పచ్చగా నెట్టు కనిపిస్తోంది. నా వంక ఒక్కసారి చూసింది. నలుగురు ఆడవాళ్లు పరుగెత్తి నాలుగు కొసలూ పట్టుకున్నారు.

అప్పుడు నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "ఆగండాగండి, కాయ మట్టిపాలవుద్ది!"

మనిషి పోతుందో ఉంటుందో తెలియని చోట నిలబడి అన్నాను. ఈ మాట ఇంతవరకు నా భార్యకు కూడా చెప్పలేదు.

"నీ కాయ తగలబడ!" అంటూ తోటికోడలు నెట్టును ఒక్క విదిలింపు విదిలించింది. కాయంతా నేల మీద. ఆటో వచ్చేదాకా అరగంట సేపు ఆ నలుగురూ కొసలు తలల పైకెత్తి పట్టుకుని ఆమె మీద నీడ నిలబెట్టారు. ఎవరూ చెయ్యి దించలేదు. ఆ అరగంటలో నేను కిందపడ్డ కాయ రెండు గుప్పెళ్లు ఏరాను. ఎందుకు ఏరానో ఇప్పటికీ చెప్పలేను. చేతులు వాటంతట అవే పోయాయి.

ఆమె మూడు రోజులు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. కానీ ఇప్పుడు ఎండకు తట్టుకోలేదు. కోతలు మానేసి, ఇంట్లోనే మిరపకాయలకు తొడిమలు తీసే పని చేసుకుంటోంది. ఆ వాన మా మీద పడనే లేదు, పిడుగురాళ్ల వైపు పోయింది.

ఈ ఏడు పంచాయతీవాళ్లు ఇంకో ఆరు నెట్లు కొన్నారు. పక్క ఊళ్లలో పంచే కాగితానికి మా ఊరి అనుభవం రాసిమ్మని నన్నే అడిగారు. మోసుకొచ్చిన ముక్క తప్పకుండా ఉండాలన్నారు. తల ఎత్తలేకపోయాను. ఆ ముక్కతోనే మొదలుపెట్టి, అది అబద్ధమని ఒప్పుకుంటూ, ఇంతవరకు మీరు చదివినదంతా రాశాను. ఇచ్చే ముందు ఆమెకు వినిపించాలనిపించింది.

అరుగు మీద కూర్చుని తొడిమలు తీస్తోంది. మొదటినుంచీ చదివాను. చెప్పు దగ్గర నవ్వింది. కాయ మట్టిపాలవుద్ది అన్నచోట నవ్వలేదు. చదవడం అయ్యాక, ఇంత నిజం ఒప్పుకున్నవాడు మండలంలో ఇంకొకడు ఉండడని లోపల కాస్త పొంగాను కూడా.

"అంతా బాగానే రాశావు బాబాయ్. నాకు బాగాలేదని నీకు తెలీదని రాశావేంటి?"

"తెలీదు కదమ్మాయ్."

ఆమె చేతిలో కాయ పక్కన పెట్టింది.

"పదకొండింటికి నీ దగ్గరకొచ్చి, కళ్లు తిరుగుతున్నాయ్ బాబాయ్, ఇంటికి పోతానన్నా. అందరి ముందూ అడిగా. నాటకాలాడకు, నీళ్లు తాగి సాలెక్కు అన్నావు. నీకు తెలుసు. అది రాయి."