సముద్రం చూపించని సమాధానం గారు

సమాధానం గారు ఏ పట్టణానికి తీసుకువెళ్ళినా సముద్రం మాత్రం చూపించరు.

ఆయన రిటైరైన డ్రిల్లు మాస్టారు. విడవలూరులో ఆయన ఇంటి ముందు గదిలో, ఆదివారం ఆరాధన అయ్యాక, మేము నలుగురం చేరతాం. వీఆర్ కళ్ళజోళ్ళు పెట్టుకుంటాం. ఎక్కడెక్కడివాళ్ళో కలిసి పాత పట్టణాలను, అవి బతికి ఉన్న రోజుల్లో ఉన్నట్టే, ఆన్‌లైన్‌లో కట్టిపెట్టారు. లోపల మనకొక బొమ్మ శరీరం ఇస్తారు. దానితో వీధుల్లో నడవవచ్చు, మాట్లాడవచ్చు. విదేశాలవాళ్ళు కూడా అక్కడ ఎదురవుతారు. మాకు ముందు నడిచి దారి చూపేది సమాధానం గారు.

మొదటిసారి మేము కళ్ళు తెరిచింది కొరింథులో. స్తంభాల మీద ఎండ. ఆ ఎండ వెచ్చగా తగిలిందనిపించింది. నవోమి టీచరు సండే స్కూలు పిల్లలకు ఏళ్ళ తరబడి చెప్పిన బైబిలు ఊరది. "ఇదేనా?" అని మాత్రం అన్నారు.

మస్తానమ్మ చేతులు జోడించింది. ఆమెది చేపల వ్యాపారం. మా చర్చికి రాదు, మాతో ఊళ్ళు చూడడానికి మాత్రం తప్పకుండా వస్తుంది. బొమ్మను ఎంచుకునే రోజు ఏదో నొక్కింది. గడ్డం ఉన్న రోమా సైనికుడు వచ్చాడు. మార్చుకోమంటే ఒప్పుకోలేదు.

"ఉండనీయండి. ఈడి చెప్పులు గట్టిగా ఉండాయి."

కొరింథు, కైసరయ, ఎఫెసు. మూడూ రేవు పట్టణాలే. మేము ఒక్క అలను కూడా చూడలేదు. కైసరయలో హోరు వినపడగానే సమాధానం గారు మమ్మల్ని సందులోకి తిప్పేశారు.

"ఇదిగో, ఆ కాలంనాటి మురుగుకాలవ. బాగా చూడండి."

"నెల్లూరులో లేని కాలవా సార్?" అన్నారు నవోమి టీచరు.

"దీంట్లో దోమల్లేవు."

ఎఫెసులో మరీ ఘోరం. కొండను తొలిచి కట్టిన నాటకశాల. ఆకాశం దాకా మెట్లు. అక్కడ కూర్చుంటే పాలరాతి బాట తిన్నగా రేవుకు పోవడం కనిపిస్తుందట. అందుకే జనం వస్తారు. సమాధానం గారు మమ్మల్ని వెనక గోడవైపు తిప్పి కూర్చోబెట్టారు. చుట్టూ ఉన్న విదేశీయులు మేమేదో ప్రార్థనలో ఉన్నామనుకున్నారు. ఒక్కొక్కరే మౌనంగా గోడవైపు తిరిగారు.

ఇంతలో కబురొచ్చింది. ఎఫెసును కట్టినవాళ్ళు ఇక నడపలేక వచ్చే ఆదివారం సాయంత్రంతో మూసేస్తున్నారు.

ఆ ఆదివారం సమాధానం గారు మామూలుగానే ముందు నడిచారు.

"రొట్టెల పొయ్యి చూద్దాం."

"పోయిన వారం చూసినాం గదా!"

"ఇంకోసారి చూస్తే తప్పా?"

నవోమి టీచరు బొమ్మ నడివీధిలో చతికిలబడింది. "పౌలు భక్తుడు ఇక్కడ ఓడెక్కి పోయినాడని పిల్లకాయలకు చెప్తానే ఉండా. ఆ ఓడ ఎట్టా ఉంటాదో నాకే తెలీదు. సాయంత్రానికి ఈ ఊరే ఉండదు. చూడకుండా నేను లేచేది లేదు సార్."

సమాధానం గారు కళ్ళజోడు తీసి, గది దాటి వచ్చి, టీచరు చెవి దగ్గర వంగారు.

"మెల్లగా టీచరమ్మా. మస్తానమ్మ ఉండాది. మాల్యాద్రి పడవ తుఫానులో పోయి మళ్ళీ రాలేదు గదా. మొగుణ్ణి మింగిన సముద్రాన్ని ఆ మనిషికి చూపించేదానికి నాకు మనసొప్పడంలా."

టీచరు చెవి పక్కనే కళ్ళజోడు మైకు ఉంది. ఆ గుసగుస ఎఫెసు వీధులన్నిటా వినపడింది. రోమా సైనికుడు ఆగిపోయాడు.

"అన్నా," అన్నాడు సైనికుడు, మస్తానమ్మ గొంతుతో. "సముద్రం మా వాకిట్లోనే ఉండాది. దినామూ దాని ఎదురుగానే పళ్ళు తోముకుంటా."

సమాధానం గారు మస్తానమ్మవైపు తిరిగారు. "మరి ఇన్నాళ్ళూ ఒక్కమాటా అడగలేదేం తల్లీ?"

"నీకే నీళ్ళంటే భయమనుకుంటిని. మగోడివి, నలుగురిలో అడిగితే సిగ్గుపడతావని ఊరకుంటిని. నీకోసరమే గదన్నా, ఆ కాలవల్ని కూడా అంతగా మెచ్చుకున్నా!"

నవోమి టీచరు నవ్వు ఆపుకోలేక కుర్చీ పట్టుకున్నారు. సమాధానం గారు మళ్ళీ కళ్ళజోడు పెట్టుకున్నారు. ఈసారి సైనికుడు ముందు నడిచాడు.

పాలరాతి బాట చివర నీలం లేచి నిలబడింది. దాని మీద ఓడలు. ఇంటికంటే పెద్ద తెరచాప ఒకటి గాలికి నిండి మావైపు తిరిగింది. మేము సముద్రం ఒడ్డున పుట్టినవాళ్ళం. అయినా ఎవరమూ కదల్లేకపోయాం.

"ఇదా!" అన్నారు నవోమి టీచరు. చాలాసేపటికి మళ్ళీ, "ఇంతుంటాదా!" అన్నారు.

"రా అన్నా," మస్తానమ్మ పిలిచింది. "రేవు మెట్లు తడిగా ఉండాయి. చెయ్యి పట్టుకో."

నేను కళ్ళజోడు తీసి చూశాను. గచ్చు పొడిగా ఉంది. సమాధానం గారు ఒక చేత్తో మస్తానమ్మ చెయ్యి పట్టుకుని, రెండో చేత్తో లుంగీని మోకాళ్ళ పైకి ఎత్తిపట్టుకుని, ఆచితూచి నీళ్ళలోకి దిగుతున్నారు.